జవాబు దెబ్బ

ఆ కాగితం మీద కంపెనీ ముద్ర లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఇరవై ఆరేళ్ళుగా నాకు వచ్చిన ప్రతి కాగితం మీదా కంపెనీ ముద్ర ఉండేది. సెలవు కాగితమైనా, మందలింపు కాగితమైనా అంతే. ఈ ముద్ర వేరు. గుండ్రంగా ఉంది. మధ్యలో చెవి బొమ్మ. చుట్టూ 'స్వతంత్ర రవాణా ప్రమాద విచారణ సంస్థ' అని అక్షరాలు. కింద టైపు చేసింది రెండే వాక్యాలు. కీమేన్ పొట్నూరు తవుడు గురువారం ఉదయం పది గంటలకు పాత జనపనార మిల్లు గోదాముకు రావలెను. తన సమ్మెట వెంట తేవలెను.

మనిషిని రమ్మన్నారు, సరే. సమ్మెట ఎందుకు?

మా గున్నమ్మ చోడి అంబలి గిన్నె నా ముందు పెట్టి కాగితం వైపు చూసింది. మూడు నెలలుగా ఆమె నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే దడితో చెబుతుంది, కోడితో చెబుతుంది.

"ఆ సమ్మెటతోనే నా తమ్ముడి నెత్తి మీద కొట్టినాడు. మళ్ళీ ఎవుల్ని కొట్టడానికో, తెల్దు," అంది కోడితో.

నేను అంబలి తాగాను.

ఆమె తమ్ముడు అసిరయ్య. నా తోటి కీమేన్. జిల్లా జైల్లో ఉన్నాడు. నా మాట మీదే ఉన్నాడు.

కీమేన్ అంటే పట్టాల వెంట నడిచేవాడు. పట్టాని స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పులు ఊడాయా, పట్టా చిట్లిందా, కంకర జారిందా చూసుకుంటూ పోవాలి. కళ్ళకన్నా చెవులతో పని ఎక్కువ. సమ్మెటతో తడితే బిగువు క్లిప్పు ఒకలా పలుకుతుంది, వదులుది ఇంకోలా పలుకుతుంది. మాది కొండ మీది నుంచి ఖనిజం దించే కంపెనీ లైను. పొద్దున్న ఒక బండికి మాత్రం రెండు జనం పెట్టెలు తగిలిస్తారు. సంతకు పోయేవాళ్ళూ, బడికి పోయే పంతుళ్ళూ అందులో ఎక్కుతారు.

నేను నడిచే బీటు నలభై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర ముగుస్తుంది. అక్కణ్ణించి అసిరయ్యది. రాయికి కిలోమీటరున్నర అవతల గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ మీద వంతెన. అతని గుడిసె వంతెన పక్కనే. రూలు ప్రకారం అతను వంతెన చూసుకుని, నా రాయి దాకా నడిచి రావాలి. ఇద్దరం ఎదురుపడి ఒకరి పుస్తకంలో ఒకరు సంతకం చేయాలి. అప్పుడు నేను బండికి పచ్చజెండా చూపాలి.

మేం అలా చేయలేదు. పన్నెండేళ్ళుగా చేయలేదు. నేను రాయి దగ్గర సమ్మెటతో పట్టా మీద ఒక్క దెబ్బ కొడతాను. సమ్మెట కర్ర పళ్ళ మధ్య పెట్టుకుని, ఇనుప తలని పట్టాకి ఆనిస్తాను. వంతెన దగ్గర నుంచి అసిరయ్య ఒక్క దెబ్బ కొడతాడు. అది పళ్ళలోంచి పుర్రెలోకి వస్తుంది. వంతెన బాగుందని అర్థం. పుస్తకంలో 'కలిశాం' అని రాసుకుంటాను. అతను ఎండలో మూడు కిలోమీటర్లు వచ్చిపోయే బాధ తప్పుతుంది. శనివారం కూర్చుని వారం సంతకాలన్నీ ఒకేసారి పెట్టుకుంటాం. ఇది మేస్త్రికి తెలుసు. మేస్త్రి పైవాళ్ళకీ తెలుసు.

మూడు నెలల కిందట, ఆ రోజు పొద్దున్న తొమ్మిదీ పదికి కొట్టాను. జవాబు వచ్చింది. పచ్చజెండా చూపాను. బండి నన్ను దాటిపోయింది. కిటికీలోంచి ఎవరో పసిబిడ్డ చెయ్యి పట్టుకుని నాకు ఊపించారు. వంతెన మీద పట్టా విరిగింది. రెండు పెట్టెలూ గెడ్డలోకి వాలాయి. ఇరవై తొమ్మిది మంది పోయారు.

కంపెనీ తన మనుషులతోనే విచారణ చేయించుకుంది. నాలుగు రోజుల్లో ముగించింది. అసిరయ్య ఆ పూట తాను వంతెన దగ్గర లేనన్నాడు. పెద్ద దొర వస్తున్నాడని మేస్త్రి నారాయుడు తనను యార్డులో షామియానా కట్టడానికి పంపాడన్నాడు. మేస్త్రి పంపలేదన్నాడు. నన్ను ఒక్కటే అడిగారు.

"జవాబు వచ్చిందా?"

"వచ్చింది."

వచ్చిందంటే అసిరయ్య అక్కడే ఉన్నాడు. ఉన్నాడంటే విరిగిన పట్టా చూసి కూడా బాగుందని కొట్టాడు. లేదా క్లిప్పులు తానే పీకాడు. అంతే, అతన్ని తీసుకుపోయారు.

నేను విన్నదే చెప్పాను. విననిది ఎప్పుడూ చెప్పలేదు.

* * *

గోదాము గేటు దగ్గర గొడవ జరుగుతోంది. కంపెనీ కారు లోపలికి పోబోతే ఒక ఆడమనిషి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. నూలు చీర. కాళ్ళకు కాన్వాసు జోళ్ళు.

"పట్టా మాది. వంతెన మాది. మా ముక్కని మేం చూడకూడదా?" అంటున్నాడు కారులోని ఆఫీసరు.

"రిపోర్టు అచ్చయ్యాక చూడండి. అందరితో పాటు."

"మీరు ఎవరి కింద పనిచేస్తున్నారో తెలుసా?"

"ఎవరి కిందా కాదు. ఆ చట్టం వచ్చి పద్నాలుగు నెలలైంది. మీకు ఇంకా అలవాటు కాలేదు."

కారు వెనక్కి తిరిగింది. ఆవిడ నన్ను చూసింది. చూపు ముందు నా సమ్మెట మీద పడింది.

"తవుడు గారా? నా పేరు ఎస్తేరు రాణి. రండి. అన్నం తిన్నారా?"

గేటు ఇనుముది. దాన్ని కొంగుతో పట్టుకుని మూసింది.

లోపల జనపనార వాసన ఇంకా పోలేదు. పన్నెండు మంది ఉన్నారు. ఒకాయన గోడకి సున్నం వేస్తున్నాడు, ఇంకొకాయన కరెంటు తీగలు లాగుతున్నాడు. అప్పుడే ఊడ్చిన కొత్తిల్లులా ఉంది. నడుమ ఒక పొడుగాటి ఇనుప మంచం. మంచం మీద, మంచు పొగ కక్కుతున్న పెట్టెలో పట్టా ముక్క ఉంది. మూడు మీటర్లు. ఒక చివర గాజులా పగిలిన మొహం. ఆ మొహం నాకు తెలుసు.

"బయట ఇంకో పట్టా ముక్క పెట్టాను. దాని మీద ఒక దెబ్బ కొట్టండి," అంది ఎస్తేరు రాణి.

కొట్టాను. ఆ ముక్కని ఇద్దరు మోసుకొచ్చి చిన్న మంచం మీద పెట్టారు. ఆవిడ ఏదో తిప్పింది. ఒక సన్నటి ముల్లు ఇనుము మీద పాకింది. పక్కనున్న స్పీకరు పెట్టెలోంచి నా దెబ్బ వినిపించింది. నా సమ్మెటకి ఒక మూల ఎగిరిపోయింది. దెబ్బ వెనకే చిన్న గీరు పలుకుతుంది. ఆ గీరు కూడా ఉంది. దాని వెనక నేను రెండడుగులు వేసి దగ్గిన చప్పుడు. ఆ వెనక దూరంగా ఎడ్లబండి.

నేను తలుపులోంచి బయటికి చూశాను. ఎడ్లబండి అప్పటికే పోయింది.

"నూర్పుడయ్యాక కళ్ళం చూశారా?" అందావిడ. "అడుగు మీద అడుగు. చూడగలిగితే ఎవరు ఎప్పుడు నడిచారో అన్నీ ఉంటాయి. ఇనుములో రేణువులు కూడా అంతే. వణికినప్పుడల్లా వెంట్రుకవాసి జరుగుతాయి. ఒక రోజు వణుకు దాచుకుంటుంది, ఆ తరవాత పాతవి చెదిరిపోతాయి. విరిగిన ముక్కని వెంటనే మంచులో పెడితే నిలుస్తాయి. మీ వంతెన ముక్కని మేం అదే సాయంత్రం తెచ్చాం. ఒక్కటే చిక్కు. ముల్లు పాకిన చోట చెరిగిపోతుంది. ఇనుములోంచి ఒకసారే వినగలం."

"మరి నానెందుకమ్మా?"

"నాకు దెబ్బ తెలుస్తుంది. ఎవరి చెయ్యో తెలియదు. మీకు తెలుస్తుందట."

ఎవరన్నారని అడిగాను. అసిరయ్య అన్నాడట. జైల్లో అతన్ని అడిగితే, 'మా బావ చెవి అబద్ధమాడదు, ఆణ్ణి కూకోబెట్టి వినిపించండి' అన్నాడట.

పెద్ద మంచం మీది యంత్రం వచ్చే గురువారానికి సిద్ధమవుతుందని చెప్పింది. మధ్యాహ్నం వాళ్ళతో పాటు నాకూ అన్నం పెట్టారు. అందరికీ స్టీలు కంచాలు, ఆవిడకి మాత్రం విస్తరాకు. అడగకూడదనుకున్నాను. ఆవిడే చెప్పింది.

"ఈ సంస్థ రాకముందు నుంచే, ఈ యంత్రం పట్టుకుని ఆరేళ్ళు. లాంచీ గొలుసులు విన్నాను. బస్సు ఇరుసులు విన్నాను. ఇప్పుడు కంచం మీద చెయ్యి పెడితే..." ఆగిపోయింది. "పప్పు వేసుకోండి."

* * *

ఆ వారం నేను ఇనుము ముట్టడానికి భయపడ్డాను. పొయ్యి మీద పెనం, గిలక బావి గొలుసు, తలుపు గొళ్ళెం. అన్నీ మమ్మల్ని వింటున్నట్టే ఉండేది. గున్నమ్మ గరిట గిన్నెకేసి కొడితే ఉలిక్కిపడేవాణ్ణి. ఆమె చూసి, ఇంకొంచెం గట్టిగా కొట్టేది.

సోమవారం మేస్త్రి నారాయుడు వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. బెదిరిస్తాడనుకున్నాను. బెదిరించలేదు.

"నువ్వు నిజం మడిసివిరా తవుడూ. ఏటి ఇన్నావో అదే సెప్పు. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తీయొద్దు. అంతే."

అతను పోయాక ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. నిజం చెప్పమని కంపెనీ మనిషి బతిమాలితే, ఆ నిజంలో ఏదో ఉంది.

మంగళవారం జైలుకు పోయాను. అసిరయ్య ఊచల అవతల నిలబడ్డాడు. బుగ్గలు పీక్కుపోయాయి. నవ్వు మాత్రం అలాగే ఉంది.

"ఏటి బావా, ఈ ఊసలు కూడా ఇంటన్నాయేటి? అయితే మా జైలరుని తిట్టకూడదు. ఆడి ముసిలితనంలో ఎవులో ఇనిపించీగలరు."

నాకు నవ్వు రాలేదు.

"అసిరీ. నా మీద ఒట్టు. ఆ పొద్దు నువ్వు కొట్టినావా, నేదా?"

"ఎన్నిసార్లు సెప్పాల? నాను యార్డులో గుంజలు పాతతన్నాను. కొట్టనేదు."

"నాకు ఇనపడింది."

"ఇనపడిందంటే ఇనపడే ఉంటాది. నీ సెవి మీద నాకు అనుమానం నేదు." అతని నవ్వు పోయింది. ఊచలకి దగ్గరగా వచ్చాడు. "అయితే సెప్పు బావా. నాను ఆడ నేకపోతే, మరెవులు కొట్టినట్టు?"

ఆ మాట నా వెంట ఇంటి దాకా వచ్చింది. ఊళ్ళో దానికి ఎప్పుడో జవాబు చెప్పుకున్నారు. గెడ్డమ్మ ఆకలి మీద ఉందనీ, బండి రమ్మని తానే కొట్టిందనీ. నేను గెడ్డమ్మని నమ్మేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం ఎందుకో నమ్మితే బాగుండునని అనిపించింది.

* * *

గురువారం మేం ముగ్గురమే లోపల ఉన్నాం. నేను, ఎస్తేరు రాణి, రాసుకునే ఆయన. తలుపులు మూశారు.

"మొదట ఒక మాట," అందావిడ. "ఇక్కడ మీరు చెప్పేది మిమ్మల్ని శిక్షించడానికి ఏ కోర్టులోనూ పనికిరాదు. చట్టంలో రాసి ఉంది. ఎవరిని పట్టుకోవాలన్నది మా పని కాదు. ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి, అంతే. కానీ తెలిసింది మొత్తం అచ్చు వేస్తాం. దాచడానికి మాకు హక్కు లేదు. మీ పేరు వేయం."

"నలభై ఒకటో రాయి అని ఏస్తారు గదమ్మా."

"వేస్తాం."

"అయితే పేరెందుకు?"

ఆవిడ నా వైపు ఒక కుర్చీ జరిపింది.

ఇంకో సంగతి చెప్పింది. కళ్ళంలో పై అడుగులే కడపటివి. ముల్లు పైనుంచి కిందికి, పొర వెంట పొర పోతుంది; ఒక పొరలోని చప్పుళ్ళు సవ్యంగానే వినిపిస్తాయి, పొరలే వెనక్కి పోతాయి. అందుకని ముందు చివర జరిగింది వినాలి. ఆ తరవాత దాని ముందుది. తొమ్మిదీ పదికి చేరాలంటే ప్రమాదం లోంచి పోవాలి.

"మీరు బయట ఉండండి. ఆ వేళకి పిలుస్తాను."

లోపలే ఉంటానన్నాను. ఎందుకన్నానో తెలియదు. వంతెన దగ్గరకు ముందు పరుగెత్తింది నేనే కదా, అక్కడ నాకు తెలియనిది ఏముంటుందనుకున్నాను.

స్పీకరు పెట్టెలోంచి వచ్చే చప్పుడు నాకు చాలలేదు. సమ్మెట తలని మంచం అంచుకి ఆనించి, కర్ర పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఆవిడ యంత్రం తిప్పింది.

ముందు క్రేను. తాళ్ళు. జనం అరుపులు ఇనుములో అరుపుల్లా ఉండవు, గొంగళి కింద మూలుగులా ఉంటాయి. ముల్లు ఇంకో పొరలోకి దిగింది. అడుగులు. వాటిలో నా అడుగులు గుర్తుపట్టాను. కుడికాలు కొంచెం ఈడుస్తాను. నేను బోర్లా పడిన పెట్టె మీదికెక్కి, కిటికీలోంచి మనుషుల్ని లాగుతున్నాను.

వాటి కిందనే ఇంకోటి వినిపించింది.

టక్. టక్. టక్.

సన్నటి దెబ్బ. రాయితోనో, గాజుతోనో. పట్టాని ఆనుకుని ఉన్న ఎవరో కొడుతున్నారు. నా అడుగుల కింద. నేను ఆ పెట్టె మీద అటూ ఇటూ తిరుగుతున్నాను, నా కాళ్ళ కింద ఎవరో పట్టా మీద కొడుతున్నారు. నేను వినలేదు. చెవి పెట్టి బతికేవాణ్ణి, ఆ పూట చెవి పెట్టలేదు.

పొర మారినప్పుడల్లా దెబ్బలు గట్టిపడుతూ వచ్చాయి. కాలం వెనక్కి పోతోంది కాబట్టి. మొదట్లో ఎంత గట్టిగా కొట్టారో చివరికి తెలిసింది.

"ఇరవై రెండు నిమిషాలు," అన్నాడు రాసుకునే ఆయన.

ఎస్తేరు రాణి కళ్ళు మూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నా పళ్ళ కింద కర్ర పగులుతున్నట్టు అనిపించింది. లేచి పోదామనుకున్నాను. కర్ర ఇంకా గట్టిగా కరుచుకున్నాను.

తరవాత ప్రమాదం. దాని గురించి రాయను.

ఆ తరవాత, అంటే దాని ముందు, నిశ్శబ్దం. చలికాలం పొద్దు. పట్టా మీద ఏ అడుగూ లేదు. వంతెన చూసే కీమేన్ తట్టే చప్పుళ్ళు ఒక్కటీ లేవు. తొమ్మిదీ పది దగ్గరికి వచ్చాం.

దెబ్బ.

"ఇదే," అందావిడ. "చూడండి, యంత్రం గీసిన గీతలో ఒకే దెబ్బ ఉంది. కానీ దాని అంచు చీలి ఉంది. మందంగా ఉంది. కంపెనీ ఏమంటుందో నాకు తెలుసు. మీరిద్దరూ ఇంచుమించు ఒకేసారి కొట్టారు, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి అంటుంది. పట్టా ఆ తరవాతే, అసిరయ్య క్లిప్పులు పీకినందువల్ల బండి కిందే విరిగిందంటుంది. అవతలి ముక్కని అడుగుదామంటే ప్రమాదం ఊపుకి దానిలో అన్నీ చెదిరిపోయాయి, దీనిలోనూ ఇంతకు ముందువి నిలవలేదు. ఈ దెబ్బని మా రికార్డు తీగలోకి ఎక్కించుకున్నాను. ఎన్నిసార్లయినా వినిపిస్తాను. సాగదీసి వినిపిస్తాను. రెండు సమ్మెటలా, ఒకటా?"

సాగదీసింది. దెబ్బ పొడుగైంది. పొద్దు పొడుపులా మెల్లగా వచ్చింది. దాని వెనక గీరు. నా సమ్మెట. ఎగిరిపోయిన మూల.

వెంటనే రెండోది. దాని వెనక కూడా గీరు.

"మళ్ళీ," అన్నాను కర్ర తీయకుండా.

దెబ్బ, గీరు. దెబ్బ, గీరు.

అసిరయ్య సమ్మెట కొత్తది. దానికి నాలుగు మూలలూ ఉన్నాయి. అది గుడిగంటలా నున్నగా పలుకుతుంది.

ఆ పొద్దు నలభై ఒకటో రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న నేను నాకు కనిపించాను. కొట్టాను. కర్ర కరుచుకున్నాను. జవాబు వచ్చింది. రోజూ ఒక గుక్క మంచినీళ్ళు తాగేంత సేపటికి వచ్చే జవాబు ఆ రోజు రెప్పపాటులో వచ్చింది. నేను అది గమనించాను. 'ఈ పొద్దు ఈడికి తొందరగా ఉంది' అనుకున్నాను. అనుకుని, లేచి, మోకాళ్ళు దులుపుకుని పచ్చజెండా విప్పాను.

బాగున్న పట్టా దెబ్బని అవతలికి పంపేస్తుంది. విరిగిన పట్టా విరిగిన చోటి నుంచే తిప్పి కొడుతుంది; అందుకే ఈ ముక్కలో రెండూ అంటుకుని ఉన్నాయి. కొండకి అరిస్తే తిరిగొచ్చినట్టు. పట్టా నాతో చెప్పింది. విరిగిపోయాను, బండిని ఆపరా అని నా సమ్మెట గొంతుతోనే చెప్పింది. నేను 'కలిశాం' అని రాసుకున్నాను.

ఎస్తేరు రాణి నన్ను చూస్తోంది. ఆవిడ మొహంలో ఆశ ఉంది, భయమూ ఉంది. ఇది ఆ సంస్థకి మొదటి కేసు. ఇది తేలకపోతే మళ్ళీ కంపెనీలే తమ విచారణలు తాము చేసుకుంటాయి. అది ఆవిడ బాధ. నా ముందున్నది ఇంకోటి. 'రెండు సమ్మెటలు' అంటే చాలు. నేను రోజూ నడుస్తాను, అంబలి తాగుతాను. నిజం మనిషి అంటారు. అసిరయ్య ఊచల వెనక ముసలివాడవుతాడు. 'మా బావ చెవి అబద్ధమాడదు' అంటూనే ముసలివాడవుతాడు. ఆ గీరు సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నోట్లోంచి కర్ర తీశాను. దాని మీద నా పళ్ళ గాట్లు ఉన్నాయి.

"ఒకటే సమ్మెట," అన్నాను. "నాదే. రెండోది కూడా నాదే."

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అయింది. చేత్తో నోరు మూసుకుంది.

"అప్పటికే విరిగిపోనాదమ్మా. అసిరి కొట్టనేదు. ఎవులూ కొట్టనేదు. బేగి వచ్చిందని నాకు తెలుసు. తెలిసీ జెండా ఊపినాను. రాసుకోండి బాబూ."

రాసుకునే ఆయన కలం కదల్లేదు. ఆవిడ 'రాయండి' అన్నాక కదిలింది.

* * *

రిపోర్టు వానలకు ముందు అచ్చయింది. ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టారు. షామియానా కట్టిన మిగతా కూలీలు అప్పుడు నోళ్ళు విప్పారు. అసిరయ్య బయటికి వచ్చాడు. మేస్త్రి వేరే చోటికి పోయాడు. ఇద్దరు కీమేన్లు ఎదురుపడాల్సిన చోట ఎదురుపడటం లేదని పన్నెండేళ్ళుగా పైవాళ్ళకి తెలుసనీ, ఒక మనిషి నడవగలిగిన దానికన్నా బీటు పొడుగైందనీ అందులో రాశారు. బీట్లు సగం చేయాలన్నారు. దెబ్బల కబురు ఒక్క నెల దాకానే ఉండనిచ్చారు. అది కూడా ఒక దెబ్బకి రెండు దెబ్బల జవాబుగా. విరిగిన చోట తిరిగొచ్చే దెబ్బ ఒక్కటే, రెండుగా రాదు.

నన్ను ఎవరూ ఏమీ చేయలేదు. చట్టం అలా ఉంది. ఎవరైనా నన్ను కొట్టి ఉంటే తేలికగా ఉండేదేమో.

ఒక రోజు చింతపండు అమ్ముకునే పారమ్మ మా దడి దగ్గర నిలబడింది. ఆమె కూతురు ఆ బండిలో పోయింది. రిపోర్టు ఎవరిచేతో చదివించుకుందట.

"ఇరవై రెండు నిమిషాలు ఎవులో కొట్టినారని ఉంది. నువ్వు ఇన్నావంట గదా. గాజుల సప్పుడా?"

"తెల్దమ్మా."

"మా పిల్ల మట్టిగాజులు ఏసుకున్నాది."

"తెల్దు," అన్నాను. ఆమె చింతపండు బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళింది.

లైను తెరిచి మళ్ళీ డ్యూటీకి పిలిచిన రోజు గున్నమ్మ అన్నం మూట కట్టి ఇచ్చింది. కోడితో కాదు, నాతోనే అంది.

"ఎల్లు మావా. ఎండెక్కిపోతాది."

నలభై ఒకటో రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒక్క దెబ్బ కొట్టి కర్ర కరుచుకున్నాను. ఇనుములో ఏమీ లేదు. గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక గుక్క నీళ్ళంత సేపు. రెండు గుక్కలంత సేపు. అప్పుడు వచ్చింది. నున్నగా, గుడిగంటలా. రెండు.

పుస్తకం తెరిచాను. రాయలేకపోయాను. బండికి ఇంకా ముప్పావు గంట ఉంది. లేచి వంతెన వైపు నడిచాను. ఒక్కో క్లిప్పూ చూసుకుంటూ నడిచాను.

అసిరయ్య వంతెన నడుమ కూర్చుని ఏదో బిగిస్తున్నాడు. తలెత్తాడు. జైలు నుంచి వచ్చాక మేం ఎదురుపడటం అదే మొదలు.

"ఏటి బావా, జవాబు ఇనపడ్నేదా?"

"ఇనపడింది."

"రెండు కొట్టినాను గదా?"

"రెండే."

"మరి ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చినావు?"

నేను అతని మొహం చూశాను. చేయి చాచి భుజం పట్టుకున్నాను. ఎముక, చెమట, చొక్కా.

"నువ్వో కాదో సూద్దారని," అన్నాను.

అతను నవ్వలేదు. సమ్మెట పక్కన పెట్టి, జేబులోంచి తన పుస్తకం తీసి, సంతకానికి నా ముందు పట్టాడు.